కదిలే బండిని అంతరిక్షం నుంచి వెంబడించడం ఎందుకంత కష్టం

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరి వంతెన మీద ఓ రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. సరిగ్గా అప్పుడే 700 కిలోమీటర్ల ఎత్తున ఓ రాడార్ ఉపగ్రహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిపోతూ, పక్కకు చూస్తూ, ఆ ప్రాంతాన్ని బొమ్మ తీసింది. బొమ్మలో నది నల్లగా పడుతుంది. వంతెన ఉండాల్సిన చోటే ఉంటుంది. రైలు మాత్రం వంతెన మీద ఉండదు. దాదాపు కిలోమీటరు ఎగువనో దిగువనో, నీళ్ల మధ్యలో తెల్లటి చారలా కనిపిస్తుంది.

ఇందులో పరికరం లోపమేమీ లేదు. కదిలే వస్తువును రాడార్ ఉపగ్రహం అలాగే చూస్తుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు దీన్ని పట్టాలు తప్పిన రైలు అనే పిలుస్తారు. సముద్రం మీద కూడా ఇంతే. ఓడ వెనక నీళ్లలో ఏర్పడే చాలు ఒకచోట, ఓడ ఇంకోచోట కనిపించే రాడార్ చిత్రాలు కొల్లలు.

ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరుగుతున్న రోజుల్లో, దేశ భద్రత కోసం కనీసం 10 ఉపగ్రహాలు రాత్రింబవళ్లు పనిచేస్తున్నాయని ఇస్రో ఛైర్మన్ వి. నారాయణన్ చెప్పారు. ఆ మాట నిజం. కానీ దాన్నుంచి చాలామంది తీసుకునే అర్థం వేరు: సరిహద్దులో కదిలే ప్రతి లారీనీ పైనుంచి ఒకరు కన్నార్పకుండా చూస్తూ ఉంటారని. చూడటం ఒక పని, వెంబడించడం మరో పని. మొదటిది ప్రపంచానికి అరవై ఏళ్లుగా చేతనవును. రెండో దానికోసం అమెరికా లాంటి దేశం కూడా పాతికేళ్ల పైగా తంటాలు పడుతోంది. ఆ తేడా తెలిస్తేనే మన దేశం పెడుతున్న ఖర్చునూ, మన మీద పడబోయే చూపునూ సరిగ్గా బేరీజు వేసుకోగలం.

రాడార్ ఎందుకు, కెమెరా చాలదా?

కెమెరా ఉపగ్రహానికి పగటి వెలుగు కావాలి, మబ్బులేని ఆకాశం కావాలి. జూలై, ఆగస్టుల్లో గోదావరి జిల్లాల మీద ఈ రెండోది దొరకడం గగనం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు లంకల్లో ఎక్కడెక్కడ నీళ్లు నిలిచాయో చూడాలంటే కెమెరాలతో అయ్యే పని కాదు. అలాంటప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రాడార్ చిత్రాల మీదే ఆధారపడుతుంది. రాడార్ తన తరంగాలను తానే పంపుకుంటుంది, తిరిగొచ్చిన వాటిని తానే వింటుంది. దానికి రాత్రీ పగలూ ఒకటే, మబ్బు ఉన్నా లేకపోయినా ఒకటే. నిశ్చలమైన నీళ్ల మీద పడిన తరంగం అద్దం మీద పడినట్టు అవతలికి జారిపోతుంది కాబట్టి మునిగిన పొలం నల్లగానూ, మునగని గట్టు తెల్లగానూ పడతాయి.

కెమెరాతో కదలికను పట్టే ప్రయత్నాలు లేకపోలేదు. 2013లో ఎగిరిన స్కైశాట్ ఉపగ్రహం నిమిషంన్నర వీడియో తీయగలిగింది, ఆ తర్వాత చైనా జిలిన్-1 ఉపగ్రహాలు కూడా అలాంటి వీడియోలు తీశాయి. రోడ్ల మీద కార్లు కదలడం వాటిలో చక్కగా కనిపిస్తుంది. నిమిషంన్నర గడిచాక ఉపగ్రహం దాటిపోతుంది. కెమెరా సంగతి అంతటితో సరి.

నేల కూడా కదులుతున్నట్టే కనిపిస్తే?

అసలు చిక్కు ఇక్కడుంది. స్టేషన్‌లోకి దూసుకొస్తున్న రైలు కూత సన్నగా, దాటిపోయాక లావుగా వినిపిస్తుంది. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు. రాడార్ వాడేది శబ్దాన్ని కాదు, రేడియో తరంగాలను. అయినా సూత్రం మాత్రం ఇదే. మన వైపు వస్తున్న వస్తువు నుంచి తిరిగొచ్చే తరంగం ఫ్రీక్వెన్సీ కాస్త పెరుగుతుంది, దూరమవుతున్న దాని నుంచి వచ్చేది కాస్త తగ్గుతుంది. పోలీసుల స్పీడ్ గన్ పనిచేసేది ఇలాగే. గన్ పట్టుకున్న మనిషి నిలబడి ఉంటాడు, రోడ్డూ చెట్టూ కదలవు, బండి ఒక్కటే కదులుతుంది. తేడా ఇట్టే తెలిసిపోతుంది.

500 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం నిలబడదు. సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. అమలాపురం నుంచి రావులపాలెం ఎంత దూరమో, అంత దూరాన్ని నాలుగైదు సెకన్లలో దాటేస్తుంది. దాని రాడార్ కిరణం ఎంత సన్ననిదైనా నేల మీద పడేసరికి కొన్ని కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ వెడల్పులో ముందు అంచున ఉన్న పొలం ఉపగ్రహానికి దగ్గరవుతున్నట్టు, వెనక అంచున ఉన్న పొలం దూరమవుతున్నట్టు లెక్కకు వస్తుంది. లెక్క కట్టి చూస్తే, 5 మీటర్ల యాంటెనా, 3 సెంటీమీటర్ల తరంగం ఉన్న రాడార్‌కు కదలని నేల కూడా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తూనో పోతూనో ఉన్నట్టు తోస్తుంది. మన లారీ పోయేదే 50, 60 కిలోమీటర్ల వేగంతో. అంటే అది నేల తెచ్చిపెట్టిన ఆ రొదలో పూర్తిగా మునిగిపోతుంది. ఆ రొదనే నిపుణులు క్లట్టర్ అంటారు.

రైలు నీళ్లలో కనిపించడానికీ కారణం ఇదే. వచ్చిన ప్రతిధ్వని ఏ దిక్కు నుంచి వచ్చిందో రాడార్ దాని డాప్లర్‌ను బట్టి తేల్చుకుంటుంది. నేల కదలదని నమ్మి లెక్క కడుతుంది. కదిలే రైలు తన సొంత డాప్లర్‌ను కలిపేసరికి ఆ లెక్క దాన్ని వేరే చోట కూర్చోబెడుతుంది. రాజమండ్రి దగ్గర వంతెన తూర్పు పడమరలుగా, ఉపగ్రహం దారి ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి జరుగుడు నది పొడవునే పడుతుంది.

దీనికి కనిపెట్టిన విరుగుడు నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా అందమైనదిగా అనిపిస్తుంది. ఒకే ఉపగ్రహం మీద ఒక యాంటెనా ముందు, ఒకటి వెనక పెడతారు. ముందు యాంటెనా ఒక చోటు నుంచి నేలను వింటుంది. సెకనులో వెయ్యో వంతు కూడా గడవకముందే వెనక యాంటెనా సరిగ్గా అదే చోటుకు వచ్చి మళ్లీ వింటుంది. చోటు ఒకటే కాబట్టి పొలం, గట్టు, ఇల్లు రెండుసార్లూ ఒకేలా వినిపిస్తాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే అవన్నీ మాయమైపోతాయి. మిగిలేది ఆ లిప్తపాటులో కదిలిన వస్తువు ఒక్కటే. 54 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ ఆ కాస్త వ్యవధిలో జరిగేది 2 మిల్లీమీటర్ల పైచిలుకు. వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆ 2 మిల్లీమీటర్లను పట్టుకోవాలి. జర్మనీ 2007లో పంపిన టెర్రాసార్-ఎక్స్, అదే ఏడాది కెనడా పంపిన రాడార్‌శాట్-2 ఇలా యాంటెనాను రెండుగా విడగొట్టి రోడ్ల మీది వాహనాలను గుర్తించే ప్రయోగాలు చేశాయి, ఫలితాలు చూపించాయి. కాబట్టి భౌతికశాస్త్రం అడ్డురాదు. అడ్డొచ్చేవి వేరే ఉన్నాయి.

కొబ్బరి తోటలూ, గాలీ, నిలబడిన లారీ

ఒకసారి కోనసీమను ఆ రాడార్ కింద పెట్టి చూద్దాం. ఒక విధంగా డెల్టా దానికి అనుకూలం. కొండలు లేవు, లోయలు లేవు, నేలంతా పళ్లెంలా ఉంటుంది కాబట్టి కొండచాటున దాక్కునే వీలు ఉండదు. కానీ సగం రోడ్ల మీద కొబ్బరి మట్టలు గొడుగు పట్టి ఉంటాయి. 3 సెంటీమీటర్ల ఎక్స్ బ్యాండ్ తరంగం ఆకు దగ్గరే ఆగిపోతుంది. గాలికి ఊగే మట్ట కూడా కదిలేదే కదా. ముందూ వెనకా యాంటెనాల మధ్య తీసివేతలో అది పూర్తిగా పోదు, కొంత రొద మిగిలిపోతుంది. భీమవరం వైపు వెళ్తే రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుంటాయి. ఉన్నచోటు నుంచి కదలకపోయినా, తిరిగే చక్రం డాప్లర్‌ను పుట్టిస్తుంది. ఇలాంటివాటిని బండ్లనుకోకుండా వేరుచేయడం సాఫ్ట్‌వేర్ పని.

ఆకుల్లోంచి చూడాలంటే పొడవైన తరంగం కావాలి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నాసా, ఇస్రోల రాడార్ ఉపగ్రహం నైసార్‌లో నాసా పెట్టిన ఎల్ బ్యాండ్ తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. అది ఆకులను దాటి లోపలికి కొంత వెళ్తుంది. మరి దాంతోనే కదిలే బండ్లను పట్టొచ్చు కదా? పట్టలేం. తరంగం పొడవు పెరిగేకొద్దీ కిరణం వెడల్పవుతుంది, కిరణం వెడల్పయ్యేకొద్దీ పైన చెప్పిన నేల రొద పెరుగుతుంది. 12 మీటర్ల యాంటెనా పెట్టినా ఎల్ బ్యాండ్‌లో కదలని నేల గంటకు 250 కిలోమీటర్ల పైచిలుకు వేగం దాకా కదులుతున్నట్టు లెక్కకొస్తుంది. చిన్న తరంగం నెమ్మదిగా పోయే బండిని పట్టగలదు, చెట్టు కిందకు చూడలేదు. పెద్ద తరంగం చెట్టు కిందకు చూడగలదు, నెమ్మదైన బండిని పట్టలేదు. ఈ రెండింటినీ ఒకే ఉపగ్రహంలో ఇరికించాలంటే యాంటెనా మోయలేనంత పెద్దదవుతుంది. ఇంతకీ నైసార్ సైనిక ఉపగ్రహం కాదు. 12 రోజులకోసారి అదే చోటుకు వచ్చి నేల ఎంత కుంగిందో, మంచు ఎంత కరిగిందో కొలవడం దాని పని.

వేగం విషయంలో ఇంకో చిక్కుంది. రాడార్‌కు తెలిసేది తన వైపు వచ్చే, తన నుంచి పోయే వేగం మాత్రమే. అడ్డంగా పోయే వేగం తెలియదు. ఉపగ్రహం దారికి సమాంతరంగా పోయే బండి ఎంత జోరుగా పోతున్నా దానికి నిలబడినట్టే. ఇక నిజంగా నిలబడిన బండి అయితే నేలలో కలిసిపోయినట్టే. కనుమ రోజున జగ్గన్నతోట తీర్థానికి పొలాల మీదుగా భుజాల మీద మోసుకొచ్చే ప్రభలు చూసినవాళ్లకు ఆ ఊరేగింపు ఎంత పెద్దదో తెలుసు. మనిషి నడక వేగంతో సాగే ఆ కదలిక ఉపగ్రహ రాడార్ పట్టగల కనీస వేగం కన్నా తక్కువే. బైపాస్ మీద పోయే బస్సు మాత్రం దొరికిపోతుంది.

దొరికినా అది తెరమీద ఒక చుక్క. అది కొబ్బరికాయల లారీయో, సైన్యం లారీయో చుక్క చెప్పదు. ట్యాంకును లారీ నుంచి వేరు చేయడానికి మాత్రం ఓ కిటుకు ఉంది. ట్యాంకు గొలుసు పట్టా పైభాగం బండి వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది, నేలకు ఆనిన భాగం అసలు కదలదు. ఆ తేడా ప్రతిధ్వనిలో ముద్ర వేస్తుంది. తగినంత బలమైన ప్రతిధ్వని వస్తేనే ఇది సాధ్యం. అంత బలం రాబట్టడమే పెద్ద పని.

విమానం నుంచి ఉపగ్రహానికి

రాడార్ ప్రతిధ్వని బలం దూరంతో పాటు ఘోరంగా పడిపోతుంది. దూరం రెట్టింపయితే బలం పదహారో వంతు అవుతుంది. 200 కిలోమీటర్ల అవతల నుంచి విమానం చూసే బండినే 800 కిలోమీటర్ల నుంచి ఉపగ్రహం చూడాలంటే, మిగతావన్నీ సమానమైతే, వచ్చే ప్రతిధ్వని 256వ వంతు.

సోవియట్ యూనియన్‌కు ఈ సమస్య అందరికన్నా ముందే ఎదురైంది. సముద్రం మీద అమెరికా ఓడలను వెతకడానికి 1960ల చివరి నుంచి 1988 దాకా అది రాడార్ ఉపగ్రహాలను పంపింది. ప్రతిధ్వని అందాలని వాటిని కేవలం 250 కిలోమీటర్ల ఎత్తున తిప్పింది. అంత కిందన పల్చటి గాలి ఇంకా ఉంటుంది, పెద్ద సోలార్ పలకలు పెడితే ఆ గాలి ఒరిపిడికి ఉపగ్రహం త్వరగా కిందపడుతుంది. కరెంటు ఎలా మరి? చిన్న అణు రియాక్టర్ పెట్టింది. 1978 జనవరిలో అలాంటిదొకటి, కాస్మాస్-954, అదుపు తప్పి కెనడా ఉత్తర ప్రాంతంలో రేడియోధార్మిక ముక్కలుగా రాలింది. దూరం పెరిగితే బలం తగ్గుతుందన్న ఒక్క సూత్రం ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చూడండి.

అమెరికా నేల మీది కదలికల కోసం విమానాన్నే నమ్ముకుంది. బోయింగ్ 707 పొట్ట కింద పొడవాటి రాడార్ తగిలించిన జేస్టార్స్ విమానాలు ఇంకా ప్రయోగదశలో ఉండగానే 1991 గల్ఫ్ యుద్ధానికి వెళ్లాయి. ఎడారిలో కదిలే ఇరాకీ వాహన శ్రేణులను తెర మీద చుక్కల వరుసలుగా చూపించాయి. అది సైన్యాల ఆలోచననే మార్చేసింది. కానీ ఆ విమానం శత్రువుకు దగ్గరగా గంటల తరబడి తిరగాలి. వందల కిలోమీటర్లు పోయే క్షిపణులు వచ్చాక అది ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. 2023లో చివరి జేస్టార్స్ రిటైరైంది.

ఉపగ్రహాలకు మారాలన్న ఆలోచన మాత్రం పాతదే. 24 ఉపగ్రహాలతో అనుకున్న డిస్కవరర్-2కు 2000లో అమెరికా కాంగ్రెస్ డబ్బు ఆపేసింది. దాని తర్వాతి స్పేస్ రాడార్ 2008లో మూతపడింది. ఖర్చు అంతకంతకూ పెరగడమే రెండింటినీ ముంచింది. ఇదే పని మీద మళ్లీ కూర్చున్నామని 2021లో అమెరికా స్పేస్ ఫోర్స్ బయటపెట్టింది. ఈ మధ్యలో రాకెట్లు తిరిగి వాడుకునేవి వచ్చాయి, ఉపగ్రహాలను ఫ్యాక్టరీలో వరసగా తయారుచేయడం వచ్చింది, ఒక ఉపగ్రహం నుంచి ఇంకోదానికి లేజర్‌తో సమాచారం పంపడం వచ్చింది. అమెరికా నిఘా ఉపగ్రహ సంస్థ ఎన్‌ఆర్‌ఓ 2024 మే నుంచి చిన్న ఉపగ్రహాలను గుంపులుగా పంపుతోంది. చైనా 2023 ఆగస్టులో లూదీ తాన్సే-4 అనే రాడార్ ఉపగ్రహాన్ని 36,000 కిలోమీటర్ల దాకా ఎగరేసింది. అక్కడి నుంచి ఒకే ప్రాంతాన్ని గంటల తరబడి చూడొచ్చు కానీ, 20 మీటర్ల కన్నా చిన్న వివరం అందదు. విపత్తుల పర్యవేక్షణకని చైనా చెప్పింది.

ఎన్ని ఉంటే చాలు?

500 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం రాడార్‌కు పనికొచ్చే కోణంలో ఏ క్షణంలోనైనా చూడగలిగేది భూమి మొత్తంలో ఒక శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఒక ఊరు దాని చూపులో ఉండేది కొన్ని నిమిషాలే. చూపు తెగకుండా ఉండాలంటే వందకు పైగా కావాలి. మన లాంటి దేశం తన అక్షాంశాలకు తగ్గట్టు వాలిన కక్ష్యలు ఎంచుకుంటే కొన్ని తగ్గుతాయి, అంతే.

తెగితే ఏమవుతుంది? రావులపాలెం సెంటర్‌లో ఓ లారీ కనిపించిందనుకోండి. తర్వాతి ఉపగ్రహం అరగంటకు వచ్చింది. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున ఈ లోపు అది 30 కిలోమీటర్లు పోయి ఉండొచ్చు. ఆ పరిధిలో రాజమండ్రి ఉంది, తణుకు ఉంది, అమలాపురం ఉంది. సంక్రాంతి రద్దీలో ఆ మూడు దార్లలో ఉన్న వందల లారీల్లో మన లారీ ఏది? చూపు తెగిన చోటే బండి తప్పిపోతుంది. చిత్రం ఎంత స్పష్టంగా ఉందన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఎంతసేపటికోసారి వచ్చింది, వచ్చిన చిత్రం ఎన్ని నిమిషాల్లో కింద ఉన్న అధికారి చేతికందింది అన్నవే మొదటి ప్రశ్నలు. అందుకే ఉపగ్రహంలోనే లెక్కలు కట్టేసి, చిత్రం బదులు చుక్కలు మాత్రమే కిందకు పంపడం మీద అన్ని దేశాలూ పడ్డాయి.

మన దేశం ఈ దారిలో అంచెలంచెలుగా నడుస్తోంది. 1999 కార్గిల్ తర్వాత 2001లో ఒక మీటరు స్పష్టతతో టెస్ ఉపగ్రహం వచ్చింది. ముంబై దాడుల తర్వాత, 2009 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ రాడార్‌తో రీశాట్-2 ఎగిరింది. 2012లో రీశాట్-1, 2019లో రీశాట్-2బీ, 2022లో ఈఓఎస్-04 వచ్చాయి. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ విఫలమై ఈఓఎస్-09 పోయింది. ఒక రాడార్ ఉపగ్రహం పోతే ఎంత ఖాళీ పడుతుందో అప్పుడు తెలిసింది. 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన మూడో దశ అంతరిక్ష నిఘా కార్యక్రమంలో 52 ఉపగ్రహాలున్నాయి, ఖర్చు దాదాపు 27 వేల కోట్ల రూపాయలు. 21 ఇస్రో, 31 ప్రైవేటు కంపెనీలు తయారుచేయాలి. 52 మంచి సంఖ్యే, అవి తప్పకుండా రావాలి. కానీ కెమెరావీ రాడార్‌వీ కలిపి 52 ఉన్నప్పుడు ప్రతి లారీనీ వెంబడిస్తామని ఎవరైనా అంటే, పైన కట్టిన లెక్క చూపించండి. చూపుల మధ్య విరామం గంటల నుంచి నిమిషాలకు తగ్గడం కూడా సైన్యానికి చాలా విలువైనదే. దాన్ని దాని పేరుతోనే చెప్పాలి.

ఈ చూపు మన మీద కూడా పడుతుంది. ఎక్కువమంది తలచుకోని సంగతి ఇది. ఉపగ్రహం నుంచి ఓ లారీ చుక్కగానే కనిపిస్తుందని చెప్పాను. జాతీయ రహదారి మీద ఈతకోట టోల్‌ప్లాజా దాటేటప్పుడు ఆ లారీ ఫాస్టాగ్ సమయంతో సహా నమోదవుతుంది. రెండు సమాచారాలనూ కలిపితే చుక్కకు యజమాని పేరు వచ్చేస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 17వ సెక్షన్, దేశ భద్రత లాంటి కారణాలతో కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు చట్టం నుంచి మినహాయింపునిస్తుంది. దేశ భద్రతకు మినహాయింపు ఉండకూడదని నేననను. ఎవరు, ఎప్పుడు, ఎవరి అనుమతితో ఆ రెంటినీ కలిపారో రాసి ఉంచే పుస్తకం ఒకటి, దాన్ని తనిఖీ చేసే స్వతంత్ర సంస్థ ఒకటి ఉండాలంటాను.

ఇదే చూపుతో ప్రాణాలు కాపాడొచ్చు కూడా. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ల నుంచి వేటకెళ్లి తిరిగిరాని మత్స్యకారులు అందులో ఎందరో. ఇప్పుడు పడవలకు ఇస్రో ట్రాన్స్‌పాండర్లు బిగిస్తున్నారు, లక్ష పడవలకు పెట్టాలన్నది 2024లో మొదలైన పథకం లక్ష్యం. పడవ తన చోటు తానే చెప్పుకుంటుంది కాబట్టి ఇది రాడార్‌తో వెతకడం కన్నా చాలా తేలిక. ఆ పరికరం తడిసి ఆగిపోయినప్పుడు, పడవ తలకిందులైనప్పుడు మాత్రం రాడార్ ఒక్కటే దిక్కు. చెక్క పడవ, ఫైబర్ పడవ ఇనుప ఓడలా మెరవవు, ఎగసే అలల మధ్య మరీ కష్టం. అయినా చివరి సిగ్నల్ వచ్చిన చోటు తెలిస్తే వెతకాల్సిన నీళ్లు తగ్గుతాయి. సైనిక రాడార్ ఉపగ్రహం తుపాను రోజున బంగాళాఖాతం మీదుగా పోతున్నప్పుడు తీసిన చిత్రం కాకినాడలోని కోస్ట్‌గార్డ్‌కు ఎన్ని నిమిషాల్లో చేరాలన్నది ఆ 52 ఉపగ్రహాల ఒప్పందాల్లోనే రాసుకోవాలి. ఎగిరిన తర్వాత అడిగితే అది రహస్యమంటారు.